చేతియంత్రంలోకి లెక్క చేరే దారి

చార్మినారు నుండి పడమటి దిక్కుగా సాగే లాడ్ బజారును గురించి వ్రాసినవారందరూ లక్క గాజుల తళుకులతోనే ప్రారంభిస్తారు. మేమూ ఆ గాజుల వద్దకు వస్తాము. కాని ముందుగా ఆ వీధి వెనుక సందులలో నెలకొకసారి ఇంటింటికీ తిరిగే ఒక చిన్న యంత్రాన్ని గురించి చెప్పవలసి ఉన్నది. అది కరెంటు మీటరు రీడింగు తీసేవారి చేతిలోని యంత్రం. దానికి మీటలు, చిన్న తెర, పైభాగాన ఒక కాగితపు చుట్ట ఉంటాయి. మీటరులోని అంకెను నొక్కగానే బిల్లు చీటీ రూపంలో బయటికి వస్తుంది. కొన్ని కొత్త మీటర్లకు ఎదురుగా పట్టుకుంటే చాలు, పరారుణ కిరణాల ద్వారా అంకెను తానే గ్రహిస్తుంది. చీటీ అందుకున్న గృహస్థు అడుగున ఉన్న మొత్తాన్ని చూస్తాడు. ఆ మొత్తాన్ని కట్టిన లెక్క ఎవరు వ్రాశారని, అది ఈ యంత్రంలోకి ఎట్లా వచ్చిందని అడగడు. 2020 జూన్ వరకు మేమూ అడగలేదు.

మేము తెలుగు బోధించేవారము. ఎలక్ట్రానిక్స్ మా శాస్త్రం కాదు. ఈ వ్యాసానికి అవసరమైన సాంకేతిక విషయాలను చేతియంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసే మా పూర్వ విద్యార్థి ఒకరి వద్ద కూర్చొని నేర్చుకున్నాము. నేర్చుకొనే కొద్దీ ఇందులో సగం వ్యాకరణమే ఉన్నదని తోచినందువల్ల మా విద్యార్థులకు చెప్పే సాహసం చేస్తున్నాము.

ఆ సంవత్సరం మార్చి చివర లాక్‌డౌన్ వచ్చింది. రీడింగు తీసేవారు ఇళ్లకు రావటం ఆగిపోయింది. జూన్‌లో వారు తిరిగి వచ్చేసరికి మీటర్లపై మూడు నెలల వాడకం ఒక్కటిగా పేరుకొని ఉన్నది. మా సందులో లక్క గాజులకు రాళ్లు అద్దే ఒక కుటుంబం ఉన్నది. ఆ ఇంటి అమ్మాయి మా విద్యార్థిని. రీడింగు తీసే యువకుడు వారి అరుగు మీద కూర్చొని యంత్రాన్ని సంచిలో పెట్టుకుంటూ కనిపించాడు. ఏమైందని అడిగితే, “ఆఫీసు నుంచి ఫోనొచ్చింది సార్. పాత ప్రోగ్రాముతో బిల్లు కొట్టొద్దన్నారు. మిషన్ తీస్కపోయి కొత్తది ఎక్కించుకొని రేపొస్తా” అన్నాడు. లోపలి నుండి ఆ తల్లి ఉర్దూలో, “మిషన్‌లోకి ఎక్కించేదేమిటి బేటా, బిల్లు తగ్గించే మందా?” అని అడిగింది. అందరమూ నవ్వుకున్నాము. తరువాత కాగితం తీసుకొని లెక్క వేస్తే నవ్వు ఆగిపోయింది.

అప్పటి ధరల పట్టికలో గృహ వినియోగానికి మెట్లు ఉండేవి. నెలకు 100 యూనిట్లు మించని ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిటుకు 1.45 రూపాయలు, తరువాతి 50కి 2.60 రూపాయలు. 100 దాటి 200 వరకు వాడిన ఇంటికి మొదటి 100కు 3.30, ఆపైన 4.30. 200 కూడా దాటితే మొదటి 200కు 5.00, అక్కడి నుండి 300 వరకు 7.20. అంటే పై మెట్టు ఎక్కిన ఇంటికి కింది యూనిట్ల ధర కూడా మారిపోతుంది. ఇప్పుడు నెలకు నూరు చొప్పున మూడు నెలలలో 300 యూనిట్లు వాడిన ఇంటిని తీసుకుందాము. ముందు మూడుతో భాగించి, ఒక్కొక్క నెలకు మెట్టు చూస్తే నెలకు 202.50 చొప్పున మొత్తం 607.50 రూపాయలు. భాగించకుండా 300ను ఒకే నెల వాడకంగా తీసుకుంటే 1,720 రూపాయలు. స్థిర చార్జీల వంటివి ఇందులో కలపలేదు. కరెంటు అదే, ధరల పట్టిక అదే. భాగహారం ముందా, మెట్టు చూడటం ముందా అన్న క్రమంలో 1,112.50 రూపాయల తేడా ఉన్నది. గిరాకీ లేక మూడు నెలలు కొలిమి చల్లారిన ఇంటికి అది చిన్న మొత్తం కాదు. ఆ సంవత్సరం మూడు నెలల యూనిట్లను నెలలకు పంచి లెక్క కట్టినట్లు విద్యుత్ సంస్థలు ప్రకటించాయి. అయితే ప్రకటన కార్యాలయంలో వెలువడుతుంది, బిల్లు యంత్రంలో పుడుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న దారియే మన పాఠం.

ప్రోగ్రాము వ్రాసేవారు దానిని మనుష్యులు చదువగలిగే ఒక భాషలో వ్రాస్తారు. ఇటువంటి చిన్న యంత్రాలకు ఎక్కువగా వాడేది 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన ‘సీ’ భాష. ‘యూనిట్లు నూరు లేక అంతకు తక్కువ అయితే ఇట్లా చేయి, కాకపోతే అట్లా చేయి’ అన్న ధోరణిలో వాక్యాలు ఉంటాయి. యంత్రంలోని ప్రాసెసరుకు ఈ భాష తెలియదు. దానికి తెలిసినవి అంకెల రూపంలోని చిన్న చిన్న ఆజ్ఞలు మాత్రమే. మొదటి దానిని రెండవ దానిగా మార్చే పనిని కంపైల్ చేయటమంటారు, ఆ పని చేసే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. నిఘంటువు చూసి దీనిని సంకలనమనటం సులభమే. కాని మన భాషలో సంకలనమంటే గణితంలో కూడిక, సాహిత్యంలో పద్యాల కూర్పు. ఇక్కడ జరిగేదేమో నిజానికి అనువాదం. మరి ఈ పేరు ఎందుకు వచ్చింది? 1952లో అమెరికాలో గ్రేస్ హాపర్ యూనివాక్ యంత్రం కొరకు మొదటి కంపైలరును తయారుచేసినప్పుడు, అది ముందే వ్రాసి దాచి ఉంచిన చిన్న చిన్న లెక్కలను ఏరి ఒకచోట కూర్చేది. కూర్చే పని గనుక ఆ పేరు. తరువాత పని అనువాదంగా పెరిగినా పేరు నిలిచిపోయింది. మేము ‘కూర్పు’ అనే వాడుతున్నాము.

కంపైలరు ఏ తప్పులను పట్టుకుంటుంది, ఏవి పట్టుకోదు? తర్కశాస్త్రం చదివినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు కావాలని మన పూర్వులు చెప్పారు. ‘నిప్పుతో తడుపుచున్నాడు’ అన్న వాక్యంలో కర్త, క్రియ, విభక్తి అన్నీ సరిగానే ఉన్నాయి, లేనిది యోగ్యత ఒక్కటే. కంపైలరు ఆకాంక్షను, సన్నిధిని చూస్తుంది. పదం తప్పిపోతే, ఒక విరామ చిహ్నం జారిపోతే వెంటనే పేచీ పెట్టి కూర్పు ఆపేస్తుంది. యోగ్యత దాని చూపుకు అందదు. ‘నూరు లేక అంతకు తక్కువ’ అని వ్రాయవలసిన చోట ‘నూరుకు తక్కువ’ అని వ్రాస్తే అది చక్కగా అనువదించి చేతిలో పెడుతుంది. అప్పుడు సరిగ్గా నూరు యూనిట్లు వాడిన ఇల్లు పై మెట్టులోకి జారి 202.50కి బదులు 330 రూపాయలు చెల్లిస్తుంది. తొంభైతొమ్మిది వాడిన ఇంటికి, నూటొకటి వాడిన ఇంటికి ఏ తేడా కనబడదు. కనుక తప్పు చాలాకాలం దాగి ఉండగలదు.

ఇక గాజుల వద్దకు వస్తాము. లక్కను బొగ్గుల మీద వేడిచేసి, కడ్డీగా సాగదీసి, వంచి, అతికి, కొలతకు సరిచేసిన తరువాత రాళ్లు అద్దుతారు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక సూచిక గుర్తింపు కూడా లభించింది. గాజు కొలతను రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది అని చెప్తారు. రెండవ అంకె అంగుళంలో పదహారవ భాగాల లెక్క. రెండు-నాలుగు అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, రెండు-ఎనిమిది అంటే రెండున్నర. గాజు చేసే పనివాని చేయి ఎంత లావుదో ఎవరికీ అక్కరలేదు, తొడిగే చేతికి పట్టాలి. చేతియంత్రపు కూర్పూ ఇటువంటిదే. ప్రోగ్రాము వ్రాసేది, కూర్చేది బల్లమీది పెద్ద కంప్యూటరులో, నడిచేది మాత్రం చేతిలోని చిన్న యంత్రంలో. రెంటి ప్రాసెసర్లు వేరు, వాటి ఆజ్ఞల పట్టికలు వేరు. ఒక యంత్రంలో కూర్చొని మరొక జాతి యంత్రానికి అనువదించే కంపైలరును క్రాస్ కంపైలర్ అంటారు. రెండు-నాలుగు చేతికి చేసిన గాజు రెండు-ఎనిమిది చేతికి ఎక్కదు. అట్లాగే ఒక జాతి ప్రాసెసరుకు కూర్చినది మరొక దానిలో నడవదు.

కొలత సరిపోయినా వరుస చూడవలసి ఉంటుంది. మా కళాశాల పత్రికను చేతిలోకి తీసుకున్న పాఠకులకు ఈ సంగతి వివరించనక్కరలేదు. తెలుగు భాగం ఎడమ అట్టతో మొదలవుతుంది, ఉర్దూ భాగం కుడి అట్టతో మొదలవుతుంది, రెండూ నడుమ కలుసుకుంటాయి. యంత్రాలలోనూ ఇట్లా రెండు సంప్రదాయాలు ఉన్నాయి. 255ను మించిన సంఖ్యను ఒక్క బైటులో పెట్టలేము, రెండు బైట్లు కావాలి. 1000ని రెండు బైట్లలో పెడితే పెద్ద భాగం 3, చిన్న భాగం 232, ఎందుకంటే 256 మూడుసార్లు, ఆపైన 232 కలిస్తే వెయ్యి. కొన్ని యంత్రాలు పెద్ద భాగాన్ని ముందు పెడతాయి, కొన్ని చిన్న భాగాన్ని. ఈ వివాదానికి 1980లో డానీ కోహెన్ అనే శాస్త్రవేత్త గలివరు కథలోని గుడ్డు పగులగొట్టే తగవు నుండి పేర్లు తెచ్చి పెట్టాడు. ఒక పద్ధతిలో వ్రాసిన 1000ని మరొక పద్ధతిలో చదివితే అది 59,395 అవుతుంది. మీటరు ఒక పద్ధతిది, చేతియంత్రం మరొక పద్ధతిది అయితే ఈ మార్పిడిని ప్రోగ్రాములో ఎవరో గుర్తుంచుకొని వ్రాయాలి.

అక్షరాల సంగతి చెప్పకుండా పోతే తెలుగు అధ్యాపకునిగా మాకు తృప్తి ఉండదు. ఈ యంత్రాలలో సాధారణంగా వాడే 58 మిల్లీమీటర్ల కాగితం మీద ఒక అడ్డవరుసలో 384 చుక్కలు పడతాయి, వేడి తగిలిన చోట కాగితం నల్లబడుతుంది. ప్రతి అక్షరమూ చుక్కల బొమ్మయే. ఒక్కొక్క బొమ్మకు నిలువున 24, అడ్డంగా 24 చుక్కలు అనుకుంటే 72 బైట్ల జాగా కావాలి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి 95 బొమ్మలతో పని జరుగుతుంది, ఏడువేల బైట్లు కూడా పట్టవు. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపి ఆరువందల బొమ్మలు పెట్టుకుంటే 43,200 బైట్లు. పైగా ‘స్త్రీ’ అని ఒక్క అక్షరం ముద్రించటానికి యూనికోడు సంకేతాలు ఆరు కావాలి. ఆ ఆరింటిని చూసి ఒక్క బొమ్మగా పేర్చే తెలివి కూడా ప్రోగ్రాములోనే ఉండాలి. ఉర్దూ నస్తాలీఖు మరింత కష్టం. అక్కడ అక్షరం తన స్థానాన్ని బట్టి రూపం మార్చుకొని ఏటవాలుగా కిందికి దిగుతుంది. 2017 నుండి తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష. మా సందులోని తల్లులకు ఇంగ్లీషు చీటీ చదవటం రాదు, పిల్లలు చదివి వినిపిస్తారు. జాగా తక్కువైందని తొలగించేటప్పుడు మొదట పోయేవి మన అక్షరాలే. ఈ మాట మా పూర్వ విద్యార్థి సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

కూర్పు పూర్తయిన తరువాత ఎక్కింపు. పాత పద్ధతిలో యంత్రాన్ని కార్యాలయానికి తెచ్చి, తీగతో కంప్యూటరుకు కలిపి ప్రోగ్రామును పంపేవారు. తీగమీద సెకనుకు 9600 బిట్లు పోతాయనుకుందాము. ఒక్కొక్క బైటుకు ముందు వెనుక గుర్తులతో కలిపి పది బిట్లు, కాబట్టి సెకనుకు 960 బైట్లు. 1,31,072 బైట్ల ప్రోగ్రాము చేరటానికి రెండు నిముషాల పదిహేడు సెకన్లు కావాలి. ఇది తక్కువగానే తోస్తుంది. నూరు యంత్రాలు వరుసలో ఉంటే దాదాపు నాలుగు గంటలు. నూరుగురు రీడింగు తీసేవారికి ఆ పూట పని ఉండదు.

దారిలో అంకె చెడకుండా ఉండటానికి ఒక తూనిక పెట్టారు. ప్రోగ్రామును చిన్న చిన్న పంక్తులుగా విడదీసి, ప్రతి పంక్తిలోని బైట్లను కూడి, మొత్తాన్ని 256తో భాగింపబడేట్లు చేసే అంకెను చివర చేరుస్తారు. పంక్తిలో 12, 200, 75, 99 ఉన్నాయనుకుంటే మొత్తం 386. దానికి 126 కలిపితే 512, అది 256కు రెండింతలు. కనుక చివర 126 వ్రాస్తారు. అందుకున్న యంత్రం అన్నీ కూడి చూసి, శేషం మిగిలితే ఆ పంక్తిని మళ్లీ పంపమంటుంది. అయితే 12, 200 తారుమారైతే మొత్తం మారదు గదా? మా తరగతిలో ఒకరు ఈ లోపాన్ని ఇట్టే పట్టారు. ఆ లోపం తీర్చటానికే 1961లో పీటర్సన్ అనే గణితవేత్త సూచించిన, వరుసను కూడా లెక్కలోకి తీసుకొనే మరొక తనిఖీని వాడుతున్నారు.

చేరిన ప్రోగ్రాము నిలిచే చోటు ఫ్లాష్ జ్ఞాపకం. జపానులో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా 1984లో దీనిని ప్రపంచానికి వెల్లడించాడు. దీని స్వభావం మా చిన్ననాటి తఖ్తీ వంటిది. మట్టి పూసిన ఆ చెక్కపలక మీద కలంతో వ్రాసిన తరువాత ఒక్క అక్షరాన్ని చెరిపి దిద్దటం కుదిరేది కాదు. పలకనంతా కడిగి, మళ్లీ మట్టి పూసి, ఆరబెట్టి వ్రాయవలసి వచ్చేది. ఫ్లాషులో కూడా బైటుకొకటిగా చెరపలేము, ఒక పెద్ద ఖండాన్నంతా ఒకేసారి కడగాలి. కాబట్టి కడిగిన తరువాత, వ్రాయక ముందు ఒక ప్రమాదకరమైన క్షణం ఉన్నది. అప్పుడు బ్యాటరీ పోతే, తీగ ఊడితే యంత్రంలో పాత పాఠమూ ఉండదు, కొత్త పాఠమూ ఉండదు. మా సందుకు వచ్చే యువకునికి ఒకసారి ఇదే జరిగింది. మీటలు నొక్కినా తెర వెలగలేదు. ఆ నెల మిగిలిన ఇళ్లను వేరొకరి యంత్రం అడిగి తెచ్చుకొని పూర్తిచేశాడు. ఇందుకు విరుగుడుగా ఫ్లాషులో ఒక చిన్న భాగాన్ని ఎన్నడూ కడగకుండా ఉంచుతారు. అందులోని బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాముకు తెలిసిన విద్య ఒక్కటే, కొత్త ప్రోగ్రామును అందుకొని వ్రాయటం. అది క్షేమంగా ఉంటే మిగిలినదంతా పోయినా యంత్రాన్ని మళ్లీ బ్రతికించవచ్చు.

తీగ లేకుండా, మొబైలు ఫోను సంకేతాల ద్వారా యంత్రం ఉన్న చోటికే ప్రోగ్రామును పంపటం ఇప్పుడు సాధ్యమైనది. నాలుగు గంటల వరుస తప్పింది, కాని కొత్త చిక్కులు వచ్చాయి. లాడ్ బజారు వెనుక సందులలో గోడలు దగ్గర దగ్గరగా ఉంటాయి, సంకేతం వస్తూ పోతూ ఉంటుంది. కనుక జాగా చాలే యంత్రాలలో రెండు పలకలు పెడతారు. ఒకదాని మీది పాత ప్రోగ్రాముతో పని జరుగుతుండగా రెండవదాని మీద కొత్తది కొద్దికొద్దిగా వచ్చి చేరుతుంది. అంతా చేరి, తనిఖీలో నెగ్గిన తరువాతే యంత్రం దానికి మారుతుంది. ఇంకొక చిక్కు, గాలిలో వచ్చేది నిజమైన కార్యాలయం నుండి వచ్చిందని యంత్రానికి ఎట్లా తెలుస్తుంది? దీనికి డిజిటల్ సంతకం పెడతారు. సంతకం చేసే రహస్య తాళంచెవి కార్యాలయంలో, దానిని సరిచూసే బహిరంగ తాళంచెవి యంత్రంలో ఉంటాయి. తనిఖీ అంకె పొరపాటున జరిగిన మార్పునే పట్టుకోగలదు. కావాలని మార్చినవాడు తనిఖీ అంకెను కూడా మార్చగలడు, సంతకాన్ని మాత్రం చేయలేడు.

అన్ని యంత్రాలూ ఇట్లా మార్చుకొనేవే కానవసరం లేదు. 1967లో మన హైదరాబాదులో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలు ఎన్నికల ఓటింగు యంత్రాలను తయారుచేస్తున్నాయి. వాటిలో ప్రోగ్రామును ఒక్కసారే ముద్రిస్తారు, వాటిని ఏ సంకేత జాలానికీ కలపరు. ఓటు లెక్కించే పద్ధతి ఏటేటా మారేది కాదు గనుక అది తగినదే. కరెంటు ధరలు అట్లా కాదు. 2022 ఏప్రిల్ నుండి మొదటి 50 యూనిట్ల ధర 1.95కు, తరువాతి 50 ధర 3.10కి పెరిగింది. 202.50 రూపాయల నూరు యూనిట్ల లెక్క 252.50 అయింది. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద అర్హత గల ఇళ్లకు 200 యూనిట్ల వరకు సున్న బిల్లు వస్తున్నది. ప్రతి మార్పుకూ కూర్పు, ఎక్కింపు మళ్లీ మొదటి నుండి జరగాలి. కొన్ని యంత్రాలు కొత్త ప్రోగ్రామును అందుకొని, కొన్ని అందుకోని రోజులలో ఒకే గోడకు ఇటు అటు ఉన్న రెండు ఇళ్లకు రెండు లెక్కలు పడే అవకాశం ఉంటుంది. అందుకే జాగ్రత్త గల తయారీదారులు ప్రోగ్రాము కూర్పు సంఖ్యను చీటీమీదనే అచ్చువేయిస్తారు. మీ ఇంటి చీటీలో అటువంటి చిన్న అంకె ఉన్నదేమో వెదకి చూడండి.

ఈ పాఠం చెప్పిన రోజున పిల్లలచేత ఒక పట్టిక వ్రాయించాము. యంత్రాన్ని పరీక్షించవలసి వస్తే ఏ అంకెలతో పరీక్షించాలని అడిగితే 0, 50, 51, 100, 101, 200, 201, 300 అని సరిగానే ఏరారు. మెట్టు అంచున నిలబెట్టి చూడాలని వారికి ఎవరూ చెప్పలేదు. రాళ్లు అద్దే ఇంటి అమ్మాయి మాత్రం పట్టిక ముగించి, 2020 నాటి ధరలతో మరొక ప్రశ్న వేసింది. “సార్, రెండు నెలలకు కలిపి 201 యూనిట్లు వస్తే నెలకు నూటయాభై పైసల యూనిట్లా?” తరగతి నవ్వింది. నూరున్నర అని తన మాటను తానే దిద్దుకొని మళ్లీ అడిగింది. “ఆ అర యూనిటును కొట్టేస్తారా, పైకి ఎత్తుతారా?” బల్ల మీద లెక్క వేశాము. నెలకు 100గా దించితే రెండు నెలలకు 405 రూపాయలు, 101గా ఎత్తితే 668.60. ఆ అర యూనిటు వెల 263.60 రూపాయలన్నమాట. మా వద్ద జవాబు లేక ఆ ప్రశ్నను మా పూర్వ విద్యార్థికి పంపాము. రెండు రోజుల తరువాత కబురు వచ్చింది. తాను చూసిన ప్రోగ్రాములో భిన్నాన్ని కొట్టివేసే పంక్తి ఒకటి ఉన్నదట. దానిని ఎవరు, ఏ ఉత్తర్వు చూసి వ్రాశారో అడిగి తెలుసుకొని చెప్తానన్నాడు.